పడకగదిలో మాట వినే స్పీకర్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్మార్ట్ స్పీకర్ కొన్న బంధువులూ స్నేహితులూ కొన్నేళ్ళుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలనూ, నేను చెబుతూ వచ్చిన జవాబులనూ ఇక్కడ ఒకచోట చేర్చాను. మా ఇంట్లో ఇది మొదట వంటగదిలోకి, తరువాత మా అత్తగారి గదిలోకి, చివరికి మా పడకగదిలోకి వచ్చింది. ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది ఆ చివరి గది విషయంలోనే. వంటగదిలో మాట్లాడుకునేవి ఇంటికి వచ్చిపోయేవాళ్ళ చెవిన ఎలాగూ పడే మాటలు. పడకగదిలో మనిషి తలుపు వేసుకున్నానన్న ధీమాతో మాట్లాడతాడు. ఆ ధీమా చెడకుండా ఈ పరికరాన్ని వాడుకోవచ్చుననే నా నమ్మకం, అయితే దానికి కొన్ని ఏర్పాట్లు ముందే చేసుకోవాలి.

నేను పిలవనప్పుడు కూడా స్పీకర్ మా మాటలు వింటూ ఉంటుందా?

వింటుంది, కానీ విన్నదంతా బయటికి పంపదు. ఈ తేడా అర్థమైతే మిగిలిన ప్రశ్నల్లో సగం తేలిపోతాయి. స్పీకర్‌లోని మైకులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గదిలోని శబ్దాన్ని కొద్ది సెకన్ల మేరకు మాత్రం తన మెమరీలో ఉంచుకొని, అందులో తనను పిలిచే మాట, అంటే అమెజాన్ వారి ఎకో స్పీకర్లకైతే ‘అలెక్సా’ అనో, గూగుల్ వాటికి ‘హే గూగుల్’ అనో, ఆపిల్ వాటికి ‘సిరి’ అనో, ఉందేమోనని పరికరం పోల్చి చూసుకుంటుంది. లేకపోతే ఆ శబ్దం చెరిగిపోయి, దాని స్థానంలో కొత్తది వచ్చి చేరుతుంది. పిలుపు వినబడిందని పరికరం అనుకున్న క్షణంలో దీపం వెలుగుతుంది, మీరు పలికినది ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్లకు వెళుతుంది, అక్కడ దాని అర్థం తేలి జవాబు తిరిగి వస్తుంది.

‘అనుకున్న క్షణంలో’ అని కావాలనే రాశాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో ఈ స్పీకర్ల ముందు టీవీ కార్యక్రమాలను గంటల తరబడి వినిపించి పరీక్షించారు. అవి నిరంతరం రికార్డు చేస్తున్నాయనడానికి వాళ్ళకు ఆధారం దొరకలేదు, కానీ ఎవరూ పిలవకుండానే మేల్కొన్న సందర్భాలు చాలా కనిపించాయి. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక కుటుంబం ఇంట్లో మాట్లాడుకున్న మాటలు వాళ్ళకు తెలియకుండానే రికార్డై, సియాటిల్‌లో ఉన్న ఒక పరిచయస్తుడికి సందేశంగా చేరిపోయాయి. అమెజాన్ ఇచ్చిన వివరణ ప్రకారం స్పీకర్ మాటల మధ్యలో తన పేరు విన్నాననుకుంది, తరువాతి మాటను సందేశం పంపమన్న ఆజ్ఞగా తీసుకుంది, ఎవరికి అని అడిగి వెనుక వినబడిన మాటల్లో ఒక పేరును ఏరుకుంది, సరేనా అని అడిగితే ఎవరో ‘సరే’ అన్నట్టు దానికి వినబడింది. ఇలాంటిది అరుదు, నిజమే. అయినా వరుసగా నాలుగుసార్లు పొరబడినా పరికరం తనంతట తాను ఆగలేదన్న సంగతి పడకగదిలో పెట్టుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

తెలుగు మాట్లాడే ఇంట్లో ఇది పిలవకుండా పలకడం ఎక్కువగా ఉంటుందా?

మీ ఇంట్లోని పేర్లను బట్టి, మీరు ఎంచుకున్న పిలుపును బట్టి ఉంటుంది. ‘అలేఖ్య’ అన్న పేరును రెండు మూడుసార్లు వేగంగా పలికి చూడండి. ‘అలెక్సా’కు అది ఎంత దగ్గరగా ఉందో మీ చెవికే తెలుస్తుంది. ఆ పేరున్న అమ్మాయి ఇంట్లో ఉంటే, భోజనానికి రమ్మని వాళ్ళ అమ్మ కేకేసినప్పుడల్లా స్పీకర్ కూడా చెవి రిక్కించే అవకాశం ఉంది. అలెక్సా స్పీకర్లలో ఆ పిలుపును యాప్‌లో మార్చుకోవచ్చు. ‘ఎకో’, ‘అమెజాన్’, ‘కంప్యూటర్’ వంటివి అందులో ఉంటాయి, 2021లో ‘జిగ్గీ’ కూడా వచ్చి చేరింది. వీటిలో ‘ఎకో’ను తెలుగు ఇంటికి నేను సూచించను. ‘ఎక్కువ’, ‘ఎక్కడ’, ‘ఎక్కు’ అనకుండా మనకు పూట గడవదు కదా. ‘కంప్యూటర్’ అన్నది పిల్లల చదువుల గురించి, ఆఫీసు పని గురించి మాట్లాడేటప్పుడు రోజూ దొర్లే మాట. ‘జిగ్గీ’కి దగ్గరగా మన మాటల్లో పెద్దగా ఏమీ లేదు కాబట్టి, మీ యాప్‌లో కనిపిస్తే దాన్నే పెట్టుకోండి.

పడకగదిలో టీవీ కూడా ఉంటే పొరపాట్లు సహజంగానే పెరుగుతాయి. స్పీకర్‌ను టీవీకి ఎదురుగా కాక, వీలైనంత దూరంగా ఒక పక్కకు పెట్టండి.

నా గొంతు రికార్డింగును మనుషులెవరైనా వింటారా?

విన్నారు, అది దాచిన రహస్యమేమీ కాదు. మాటను గుర్తించే పద్ధతిని మెరుగుపరచడం కోసం అమెజాన్, గూగుల్, ఆపిల్ మూడూ కొన్ని రికార్డింగులను ఉద్యోగుల చేతనో కాంట్రాక్టు సిబ్బంది చేతనో వినిపించేవని 2019లో వార్తా సంస్థలు వరుసగా బయటపెట్టాయి. పొరపాటున రికార్డైన దంపతుల మాటలు, వైద్యుడితో జరిపిన సంభాషణల వంటివి కూడా ఆ సిబ్బంది చెవిన పడ్డాయన్నది జనాన్ని కలవరపెట్టిన విషయం. ఆ తరువాత ఆపిల్ క్షమాపణ చెప్పి, వాడేవారు ఒప్పుకుంటేనే వింటామని పద్ధతి మార్చుకుంది. పిలవకుండానే సిరి మేల్కొని రికార్డు చేసిందన్న దావాలో 9.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడడానికి ఆపిల్ అంగీకరించిందని 2025 జనవరిలో వెల్లడైంది, అయితే తప్పు చేశామని మాత్రం ఆ కంపెనీ ఒప్పుకోలేదు.

అమెరికాలో కొన్ని ఎకో స్పీకర్లకు గొంతును బయటికి పంపకుండా ఇంట్లోనే అర్థం చేసుకునే ఎంపిక ఒకటి ఉండేది. 2025 మార్చి 28 నుంచి అమెజాన్ దాన్ని తీసేసింది. కొన్న రోజున ఉన్న సెట్టింగు ఎల్లకాలం ఉంటుందని అనుకోవద్దని చెప్పడానికే దీన్ని ప్రస్తావిస్తున్నాను. ఆరు నెలలకు ఒకసారైనా యాప్‌లోని ప్రైవసీ పేజీని తెరిచి చూడండి.

పాత రికార్డింగులను చూడడం, చెరిపేయడం ఎలా?

అలెక్సా యాప్‌లో ‘అలెక్సా ప్రైవసీ’ అన్న చోట ‘వాయిస్ హిస్టరీ’ ఉంటుంది. మీరు ఏ రోజు ఏ వేళకు ఏమన్నారో అక్కడ రాతలో కనిపిస్తుంది, వినవచ్చు కూడా. ముందు ఒక్కసారి ఓపికగా కూర్చుని చదవండి. మీరు పిలవకుండా రికార్డైనవి ఎన్ని ఉన్నాయో, అవి ఏ వేళల్లో జరిగాయో చూస్తేనే స్పీకర్‌ను ఎక్కడికి జరపాలో, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఆ తరువాత వాటిని చెరిపేయవచ్చు, మూడు నెలలకో పద్దెనిమిది నెలలకో వాటంతట అవే చెరిగిపోయేలా పెట్టవచ్చు, అసలు దాచవద్దని కూడా ఎంచుకోవచ్చు. పడకగది స్పీకర్‌కు ఈ చివరిదే సరైనదని నా అభిప్రాయం. గూగుల్ స్పీకర్ల విషయంలో ఇవన్నీ మీ గూగుల్ ఖాతాలోని ‘మై యాక్టివిటీ’లో ఉంటాయి, ఇప్పుడే అన్న మాటను చెరిపేయమని నోటితో కూడా చెప్పవచ్చు.

మైకు ఆపే బటన్ నొక్కితే నిజంగానే వినడం మానేస్తుందా?

మానేస్తుంది. ఎకో స్పీకర్లలో ఆ బటన్ మైకులకు కరెంటు అందకుండా చేస్తుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. గూగుల్ నెస్ట్ మినీలో పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపితే నారింజ రంగు చుక్కలు వెలుగుతాయి. ఆపిన మైకును నోటితో చెప్పి తిరిగి తెరిపించలేరు, లేచి వెళ్ళి చేత్తోనే తెరవాలి. ఇది ఇబ్బందిలా కనిపిస్తుంది కానీ, ఈ బటన్‌ను నమ్మడానికి కారణం సరిగ్గా ఇదే.

మైకు ఆపినా ముందు పెట్టిన అలారాలు మోగుతాయి, ఫోన్ నుంచి పంపిన పాటలు వినబడతాయి. అందుకే మా గదిలో రాత్రి పడుకునే ముందు చేసే పని ఎన్నడూ మారదు: తెల్లవారి అయిదున్నరకు అలారం చెప్పడం, అరగంటలో ఆగిపోయేలా పాట పెట్టడం, మైకు ఆపడం, దీపం తీయడం. తలుపు గడియ వేయడం ఎలా చేతికి అలవాటో ఆ బటన్ కూడా అలాగే అలవాటైంది. ఈ పేజీలో మీరు ఒక్క సూచనే పాటించగలిగితే దీన్నే పాటించమని కోరతాను.

గదిలో ఎక్కడ పెట్టాలి?

తలాపున తలగడ పక్కనే పెట్టవద్దు. అర్ధరాత్రి ఏ చిన్న శబ్దం చేసినా నేరుగా చెవిలో పడుతుంది, మంచం మీద గుసగుసలాడినా మైకుకు అందుతుంది. మంచం కాళ్ళ వైపు, గోడకు జానెడు ఎడంగా, నడుము ఎత్తున ఉన్న బల్ల గాని అల్మరా గాని సరైన చోటు. పంకా పూర్తి వేగంతో తిరిగే మన గదుల్లో, ముఖ్యంగా ఎండాకాలం కూలర్ పెట్టినప్పుడు, స్పీకర్‌కు మాట సరిగా వినబడదు. గొంతు పెంచడం కంటే కూలర్ గాలి నేరుగా తగలని మూలకు దాన్ని మార్చడం మేలు.

కిటికీకి ఎదురుగా పెట్టవద్దనడానికి వినడానికి వింతగా ఉండే కారణం ఒకటుంది. ఈ మైకులు శబ్దానికే కాదు, కాంతిలోని హెచ్చుతగ్గులకు కూడా స్పందిస్తాయని మిషిగన్ విశ్వవిద్యాలయం, టోక్యోలోని ఒక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో చూపించారు. పదుల మీటర్ల దూరం నుంచి గాజు కిటికీ గుండా లేజర్ కిరణాన్ని మైకు మీద పడేలా చేసి, ఒక్క మాట వినబడకుండానే స్పీకర్‌కు ఆజ్ఞలు ఇవ్వగలిగారు. మన వీధిలో ఎవరో లేజర్ పట్టుకుని నిలబడతారని నేననడం లేదు. కానీ తలుపు తాళాన్ని, గేటును స్పీకర్‌కు కలిపినవాళ్ళు మాత్రం ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

రాత్రిపూట దీపం వెలగకుండా, మాట్లాడకుండా ఉంచవచ్చా?

ఉంచవచ్చు. అలెక్సాలో ‘డు నాట్ డిస్టర్బ్’ను రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఉండేలా పెడితే కాల్స్, సందేశాలు, పార్సిల్ వచ్చిందన్న కబుర్లు ఆగుతాయి, అలారాలు మాత్రం మోగుతాయి. గూగుల్‌లో ‘నైట్ మోడ్’ దీపాల వెలుగునూ గొంతునూ తగ్గిస్తుంది. ఆజ్ఞ అందగానే ‘సరే’ అని చెప్పకుండా చిన్న శబ్దంతో సరిపెట్టే సెట్టింగును కూడా పెట్టుకుంటే పక్కన పడుకున్నవారి నిద్ర చెడదు.

కరెంటు పోతే అలారం మోగుతుందా?

ఇంటర్నెట్ పోయినా కరెంటు ఉంటే, ముందు పెట్టిన అలారం సాధారణంగా మోగుతుంది. కరెంటే పోతే మోగదు, ఎందుకంటే ఈ స్పీకర్లలో చాలావాటికి బ్యాటరీ ఉండదు. ఇన్వర్టర్ లైనులో ఉన్న సాకెట్‌కే దాన్ని తగిలించండి, రూటర్‌ను కూడా. ఇన్వర్టర్ లేనివాళ్ళకు రూటర్ కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి.

మా పడకగదిలో మొదటి వేసవిలో ఇది తెలియక ఇబ్బంది పడ్డాము. అర్ధరాత్రి దాటాక రెండింటికి కరెంటు వచ్చేసరికి గదంతా నీలం వెలుగు పరుచుకుంది, స్పీకర్ గట్టిగా పలకరింపు శబ్దం చేసింది, చంటిపిల్ల ఉలిక్కిపడి లేచి తెల్లవారేదాకా పడుకోలేదు. తప్పకుండా లేవవలసిన రోజున, రైలో పరీక్షో ఉన్న రోజున, ఫోన్‌లో కూడా అలారం పెట్టుకోండి.

తెలుగులో మాట్లాడితే అర్థమవుతుందా?

ఫోన్‌లోని గూగుల్ అసిస్టెంట్‌కు తెలుగు వచ్చు. మన దేశంలో అమ్మే స్పీకర్లు మాత్రం ఇంగ్లీషు, హిందీల మీదనే నడుస్తున్నాయి. అలెక్సాకు హిందీ 2019లో వచ్చింది. తెలుగు పాటలు, కీర్తనలు, సుప్రభాతం అడిగితే వినిపిస్తాయి, కానీ పేరును ఇంగ్లీషు వాక్యంలో పెట్టి అడగాలి. పొడవైన పేర్లకు చిక్కులు వస్తాయి, అప్పుడు గాయని పేరో గాయకుడి పేరో కలిపితే దొరుకుతుంది. రోజూ వినేవాటిని ఒక ప్లేలిస్టుగా చేసి, దానికి ‘మార్నింగ్’ వంటి చిన్న పేరు పెట్టడం అన్నిటికంటే సుఖం. ఇంత మంది మాట్లాడే భాషకు పడకగదిలోని ఈ చిన్న పరికరంలో ఇంకా చోటు లేకపోవడం నాకు బాధగానే ఉంది. మా అత్తగారు ఇంగ్లీషులో నాలుగే ముక్కలు నేర్చుకొని పని గడుపుకుంటున్నారు, అవి కూడా ఈ స్పీకర్ కోసమే నేర్చుకున్నారు.

పెద్దవాళ్ళ గదిలో పెట్టడం మంచిదేనా?

చూపు మందగించినవాళ్ళకు, రాత్రిపూట లేచి స్విచ్చి వెతుక్కోలేనివాళ్ళకు ఇది నిజంగా ఆసరా. మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయిన వారాలలో స్మార్ట్ బల్బు ఒకటి తగిలించాము. మంచం దిగకముందే నోటితో దీపం వేసుకునేవారు. ఎనిమిదింటికి బీపీ మాత్ర గుర్తుచేసే గొంతు వినబడగానే, ఎదురుగా మనిషి ఉన్నట్టే “సరేనమ్మా, వేసుకుంటున్నా” అని బదులిచ్చి మాత్రల డబ్బా అందుకుంటారు. ఆ బదులు విన్నప్పుడల్లా పక్క గదిలో ఉన్న మాకు నిశ్చింతగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, ఈ స్పీకర్‌ను ఆపద సాధనంగా నమ్మవద్దు. 108కి గాని 112కి గాని కాల్ చేయమని దానికి చెబితే కలుస్తుందని అనుకోవద్దు. బటన్లున్న ఫోన్ ఒకటి మంచం మీది నుంచి చేతికి అందే చోట ఎప్పుడూ ఉండాలి. రెండవది, అలెక్సాలోని ‘డ్రాప్ ఇన్’ అనే సదుపాయం. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు, విజయవాడలో ఉన్న తల్లి గదిలోకి ఆమె ఏ బటన్ నొక్కకుండానే నేరుగా మాట్లాడవచ్చు, అక్కడి శబ్దం వినవచ్చు. తల్లి పడిపోయిందేమోనని భయపడే కొడుకుకు ఇది కొండంత ధైర్యమే. కానీ ఆమె చీర మార్చుకుంటున్న వేళ, చెల్లెలితో మనసు విప్పి చెప్పుకుంటున్న వేళ గదిలో కొడుకు గొంతు పలికితే ఆమెకు ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. ముందు ఆమెకు వివరంగా చెప్పండి, ఏ వేళల్లో వస్తారో మాట అనుకోండి, ఆమె వద్దంటే ఆపేసి మామూలు కాల్‌తోనే సరిపెట్టుకోండి. వయసు మీద పడినంత మాత్రాన ఆమె గది తలుపుకు గడియ అక్కరలేదని కాదు.

పిల్లల పడకగదిలో పెట్టవచ్చా?

నేను పెట్టలేదు, పెట్టవద్దనే చెబుతాను. పిల్లల గొంతు రికార్డింగులను అవసరానికి మించి దాచిందని, తల్లిదండ్రులు చెరిపేయమన్నా పూర్తిగా చెరపలేదని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ చేసిన ఆరోపణల మీద, 2023లో అమెజాన్ రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2021 డిసెంబరులో పదేళ్ళ పిల్ల తాను చేయడానికి ఒక సవాలు చెప్పమని అడిగితే, సాకెట్‌లో సగం దిగిన ప్లగ్గు కడ్డీలకు నాణెం ఆనించమని అలెక్సా చదివి వినిపించింది. తల్లి పక్కనే ఉండడం వల్ల ప్రమాదం తప్పింది, కంపెనీ ఆ లోపాన్ని వెంటనే సరిచేసింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఆ అనుమతి ఇచ్చేది మనమే కాబట్టి, ఆలోచించి ఇవ్వవలసిన బాధ్యత కూడా మనదే. కథలు వినాలంటే హాలులో, పెద్దవాళ్ళ మధ్య వింటారు.

భార్యాభర్తల్లో ఒకరికి ఇష్టం లేకపోతే?

పెట్టవద్దు. ఆ గది ఇద్దరిదీ. అంతగా కావాలంటే మైకు లేని బ్లూటూత్ స్పీకర్‌తో పాటలు, రెండు వందల రూపాయల అలారం గడియారంతో మేలుకొలుపు రెండూ జరుగుతాయి.

ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ గదిలో పడుకుంటే?

చెప్పాలి, లేదా స్పీకర్ ప్లగ్గు తీసి పక్కన పెట్టాలి. ఇంటికి వచ్చినవాళ్ళకు ఇలాంటి పరికరం ఉందని చెప్పాలా అని 2019లో బీబీసీ అడిగినప్పుడు, తానైతే చెబుతానని గూగుల్ పరికరాల విభాగం అధిపతి రిక్ ఆస్టర్లో అన్నారు. తయారుచేసేవారే అలా అంటున్నప్పుడు మనం మొహమాటపడవలసిన పని లేదు.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

దాదాపు లేదు. ఊరకే ఉన్నప్పుడు రెండు వాట్ల చుట్టూ తీసుకునే స్పీకర్‌కు నెలంతా కలిపి యూనిట్టున్నర అవుతుంది.

అమ్మేసేముందు, ఎవరికైనా ఇచ్చేముందు ఏం చేయాలి?

మూడు పనులు, ఇదే వరుసలో చేయండి. యాప్‌లో పాత రికార్డింగులన్నీ చెరిపేయండి, ఎందుకంటే అవి పరికరంలో కాక మీ ఖాతాలో ఉంటాయి. తరువాత స్పీకర్‌ను ఖాతా నుంచి తొలగించండి. చివరగా పరికరం మీది బటన్లతో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఏ బటన్‌ను ఎన్ని సెకన్లు పట్టుకోవాలో ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, మీ రకానికి ఎలాగో యాప్‌లోని సహాయ పేజీలో ఉంటుంది. రీసెట్ సరిగా అయిందో లేదో తెలుసుకోవడానికి ఒకసారి ప్లగ్గు పెట్టి చూడండి. కొత్తగా కొన్న రోజు చేసినట్టే అది సెటప్ చేయమని అడగాలి. అలా అడగకుండా మీ పిలుపుకు ఇంకా పలుకుతుంటే, అది మీ ఖాతాతోనే ఉందన్నమాట. దాన్ని ఇంకా ఎవరి చేతికీ ఇవ్వవద్దు.